దిష్టి తగలని బండి

గురువారం పొద్దున్న హుమైద్ పెట్టుకున్న పని ఒక్కటే. ఇబ్రా ఊరి చివరనున్న పాత సామాను యార్డుకు వెళ్ళి, రేడియేటర్‌ను చల్లబరిచే పంకా ఒకటి ఏరుకొచ్చి, సాయంత్రంలోగా తన బండికి బిగించాలి. ఆ పంకా పడితే ఎనిమిది నెలల పని పూర్తయినట్టే. మర్నాడు శుక్రవారం, నమాజు తర్వాత, తన ఊరు బిదియాలో పెద్ద ఇసుక దిబ్బ మీదికి బండ్లు ఎక్కించే పందెం. దానికోసమే బడికి సెలవు పెట్టాడు. సర్కారు బడి ప్రయోగశాలలో గాజు సామాను చూసుకునే ఉద్యోగం అతనిది. పగలనివ్వకుండా చూసుకోవడం అతనికి వృత్తి మాత్రమే కాదు, స్వభావం కూడా.

బండికి ఇరవై రెండేళ్ళు. నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందాల్సిన ఆ బండికి, కొన్ననాడు రెండు చక్రాలకే అందేది. ఇప్పుడు దాని కిందున్న స్ప్రింగులు ఒక నీళ్ళ ట్యాంకరువి. రేడియేటర్, హారన్ సూర్ రేవు నుంచి చేపలు మోసే లారీవి. ఇంజన్ వేడెక్కితే చేపల వాసన ఇప్పటికీ గుప్పుమంటుంది. బోల్తా పడితే తల పగలకుండా పైన అతికించిన ఇనుప చట్రం ఒకప్పుడు మేకల దొడ్డి కంచె. డ్రైవర్ సీటు బడి బస్సులోంచి ఊడదీసింది. ఇదే పనికి బావమరిది సువైలిం పెట్టిన ఖర్చులో హుమైద్‌కు పదో వంతు కూడా కాలేదు. బండి మాత్రం నిజంగా బాగా వచ్చింది. ఆ సంగతి లోకంలో హుమైద్‌కు ఒక్కడికే తెలుసు.

తెలియకుండా చూసుకున్నది అతనే. కిందటేడు ఇంతకంటే కొత్త బండి ఉండేది అతనికి. ఎర్రరంగు వేయించి, తుడిచి, దిబ్బ కింద నిలబెట్టి వచ్చినవాడికల్లా చూపించాడు. "అబ్బ, ఎంత బాగుందో" అన్నారు జనం. మెచ్చుకునేవాడు ముందుగా "మాషా అల్లాహ్" అనాలి, అలా అంటే దిష్టి తగలదు. ఆ తొక్కిసలాటలో ఎవడో అనలేదు. సగం ఎత్తులో వెనక ఇరుసు రెండు ముక్కలైంది. సువైలిం తాడు కట్టి, ఊరంతా చూస్తుండగా, బండినీ బావనూ కలిపి వెనక్కి ఈడ్చుకొచ్చాడు. ఆ వీడియో ఫోన్లలో మస్కట్ దాకా వెళ్ళింది. నరుడి కంటికి నాపరాళ్ళే పగులుతాయంటే ఇరుసు ఒక లెక్కా? జీవితంలో ఒక్కసారి ఆ దిబ్బ కొన దాకా సొంతంగా ఎక్కాలి, అంతకుమించి హుమైద్ దేవుణ్ణి ఏమీ అడగలేదు. అందుకని ఈసారి బండిని ఊరి అవతల, తండ్రి వదిలేసిన మేకల పాకలో పెట్టి, ఎవరడిగినా ఒకే మాట చెప్పుకొచ్చాడు. అది పనికిరాదు, అది చచ్చింది. పెళ్ళాం జువైనాకు కూడా అదే చెప్పాడు. ఆమె పుట్టింటికెళ్ళే శనివారాల్లోనే బండిని ఇసుకలోకి తీసేవాడు.

గురువారం పొద్దున్న అతను చెప్పుల్లో కాళ్ళు పెడుతుండగా చిన్నాన్న మతర్ వచ్చాడు. పందెం కాగితం ఆయన దగ్గరే ఉంటుంది. ఎవరి పేరు రాయాలో, ఎవరి పేరు కొట్టేయాలో ఆయన ఇష్టం. రెండు ఖర్జూరాలు తిని, కాఫీ తాగి, చిన్న కప్పు ఊపి ఇక చాలని సైగ చేసి అసలు సంగతికొచ్చాడు.

"బండి ఎలా ఉందిరా?"

మతర్ కన్ను మంచిది కాదని ఊరంతా చెప్పుకుంటారు. సోమవారం ఆయన మెచ్చుకున్న ఒంటె మంగళవారం కుంటింది. హుమైద్ నోరు అలవాటు ప్రకారం పలికింది.

"పోయింది చిన్నాన్నా."

"అయ్యో. పేరు రాయించావుగా?"

"ఏదో ఆశ కొద్దీ రాయించాను. ఇంక దానికి ఆయువు లేదు."

"పోనీలే నాయనా. నలుగురిలో నిన్ను పిలిచి, నువ్వు రాక, అదంతా ఎందుకు?" అని మతర్ జేబులోంచి కాగితం తీసి, ఎంతో దయగా పేరు కొట్టేశాడు.

హుమైద్ ఆయన చెయ్యి పట్టుకోబోయి ఆగాడు. వద్దనాలంటే బండి బాగుందని చెప్పాలి. అది ఈయనతో, ఈ కంటితోనా? రేపు దిబ్బ కింద బండితో ఎదురుగా నిలబడితే చచ్చినట్టు రాస్తాడులే అనుకుని ఊరుకున్నాడు. అద్దె టాక్సీలో నలుగురితో పాటు ఇరుక్కుని ఇబ్రా బయల్దేరాడు.

సగం దారిలో సువైలిం ఫోను.

"బావా, బండి పోయిందటగా? మతర్ మామ చెప్పాడు."

"పోయింది."

"మొత్తానికేనా?"

"మొత్తానికే."

కిందటేడు బావను ఈడ్చింది చాలక ఆ వీడియో పంచింది కూడా సువైలిమే. అది అతని మనసులో ముల్లులా ఉండిపోయింది. "మరి దాన్ని పాకలో పెట్టుకుని రోజూ చూసుకుంటూ కుమిలిపోవడం ఎందుకు బావా?"

పక్కన టాక్సీ డ్రైవరు చెవులు రిక్కించాడు. అతనూ బిదియావాడే, అతనికీ రెండు కళ్ళున్నాయి. హుమైద్ గొంతు పెంచాడు. "ఏం చేయమంటావు మరి? ఎవడైనా తీసుకుపోతానంటే ఎదురు డబ్బిచ్చి పంపిస్తా. పీడ విరగడవుతుంది!"

"సరే బావా. నువ్వేం దిగులు పడకు," అన్నాడు సువైలిం. ఆ గొంతులో ఉన్న ప్రేమకు హుమైద్ భయపడి ఉండాల్సింది. పడలేదు.

యార్డు యజమాని నసీబ్ భారీ మనిషి. టీ గ్లాసు చేతిలోంచి దింపకుండానే బేరాలన్నీ చేస్తాడు. సరిపోయే పంకా కోసం హుమైద్ మూడు గంటలు ఇనుము తవ్వాడు. దొరికినదాన్ని పాతగుడ్డతో తుడుచుకుంటుండగా గేటు తెరుచుకుని రికవరీ లారీ ఒకటి లోపలికొచ్చింది. దాని వీపు మీద ఒక బండి ఉంది. బండి మీద మేకల దొడ్డి కంచె ఉంది.

హుమైద్ చేతిలోని పంకా కింద పడింది.

"ఎక్కడిది ఇది?" అన్నాడు, వీలైనంత మామూలుగా.

"బిదియాది. ఎవరో సువైలిం అట, బంగారంలాంటి మనిషి. వాళ్ళ బావ దీనిమీద పిచ్చిపెట్టుకుని పాడైపోతున్నాడట. ఇంట్లోవాళ్ళు తలా కాస్త వేసుకుని, దీన్ని నా మొహాన కొట్టి, నా దగ్గరున్న చిన్న తెల్ల కారొకటి ఆయనకు కొన్నారు. కారు ఈపాటికి ఇంటికి చేరిపోయుంటుంది. ఆయన పెళ్ళామే దగ్గరుండి దీని తాళాలిచ్చిందట, తీసుకుపోండి తీసుకుపోండి అని."

తన గొయ్యి తానే తవ్వుకున్నవాడు కనీసం నిదానంగా అందులోంచి పైకి రావాలి. హుమైద్ అలాగే చేయబోయాడు. లారీ మీంచి దింపిన బండి చుట్టూ తిరిగి చూసి మొహం చిట్లించాడు. చక్రాన్ని కాలితో తన్నాడు.

"విడిభాగాలకి నేనే తీసుకుపోతాలే. ఇంత ఇస్తా," అని ఒక పాత ఫ్రిజ్ ధర చెప్పాడు.

"తీసుకో. నాకు మాత్రం ఎందుకీ దరిద్రం?" అని నసీబ్ చెయ్యి చాపాడు. చేతులు కలిసేలోపల ఏదో గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాడు. "ఉండు, తాళం తిప్పి చూద్దాం. బ్యాటరీ బాగుంటే బ్యాటరీ వేరే."

తాళం తిప్పాడు. ఇంజన్ ఒక్క తిప్పుకే అందుకుంది. నసీబ్ టీ గ్లాసు బానెట్ మీద పెట్టాడు. టీ తొణకలేదు. ముప్పై ఏళ్ళుగా ఇనుము కొంటున్న మనిషి కళ్ళు పెద్దవి చేశాడు.

"ఓరి వీడమ్మా కడుపు చల్లగుండ! ఏం ఇంజనయ్యా ఇది!"

హుమైద్ పళ్ళు బిగించాడు. ఆ ఒక్క మాటా అంటాడేమోనని చూశాడు. అనలేదు.

నసీబ్ కింద పడుకుని చూశాడు. "ట్యాంకర్ స్ప్రింగులు! అతుకు చూడు, నగలు చేసేవాడు కూడా ఇంత బాగా అతకడు!"

హుమైద్ చేతి గోళ్ళు అరచేతిలో దిగాయి. నోరు మూసుకుని ఉంటే ఇంకో నిమిషంలో బేరం అయిపోతుంది. నసీబ్ లేచి, గ్లాసు పక్కనున్న డ్రమ్ము మీదికి మార్చి, గేరు వేసి, బండిని ఇసుక గుట్ట మీదికి నాలుగు బారలు పాకించి దిగాడు. అటూ ఇటూ చూసి, కళ్ళు ఆర్పకుండా, "నా జన్మలో ఇంత చక్కటి బండి..." అని మొదలుపెట్టాడు.

"మాషా అల్లాహ్ అనవయ్యా! అను! చంపేస్తావా దాన్ని!" అని హుమైద్ అరిచాడు.

నసీబ్ నెమ్మదిగా టీ గ్లాసు అందుకున్నాడు.

"మాషా అల్లాహ్," అన్నాడు తీరిగ్గా. "చచ్చిన బండికి దిష్టి తగులుతుందని గోలపెట్టేవాణ్ణి నిన్నే చూశాను. నువ్వేనా ఆ బావవి?"

"నేనే."

"అయితే ఫ్రిజ్ ధర మర్చిపో. ఆ తెల్ల కారు తెచ్చి ఇక్కడ పెట్టు, నీ బండి నువ్వు తోలుకుపో. మీవాళ్ళు వేసుకున్న డబ్బు నా దగ్గరే ఉంటుంది. బేరం తిరగ్గొట్టినందుకు."

కుడితిలో పడ్డ ఎలుకకు బేరమాడే తీరిక ఉండదు. హుమైద్ ఒప్పుకుని, తెల్ల కారు కోసం మళ్ళీ అద్దె టాక్సీ ఎక్కాడు.

ఇంటి ముందు తెల్ల కారు తళతళలాడుతోంది. జువైనా అందులో కూర్చుని, చల్లటి గాలి మొహం మీదికి తిప్పుకుని, అద్దంలో తలగుడ్డ సవరించుకుంటోంది. అతన్ని చూడగానే ఆమె మొహం విప్పారింది.

"ఏమండీ, చూశారా మా తమ్ముడు! ఇక పిల్లల్ని బడి నుంచి ఎండలో నడిపించక్కర్లేదు."

హుమైద్ కారు పక్కన నిలబడి నిజం చెప్పాడు. ఎనిమిది నెలల నిజం చెప్పడానికి పావుగంట పట్టింది. బండి చావలేదని, ఎన్నడూ చావలేదని, దానికోసం ఈ కారు వెనక్కి ఇచ్చేయాలని చెప్పాడు. జువైనా చల్లగాలి ఆపింది. కోప్పడుతుందనుకున్నాడు. ఆమె అడిగింది ఒక్కటే.

"ఊళ్ళోవాళ్ళ కంటికి భయపడ్డారు, బాగానే ఉంది. నాకెందుకు చెప్పలేదు?"

హుమైద్ కారు తలుపు మీద లేని దుమ్ము తుడిచాడు.

"నా కన్ను కూడా పడుతుందనుకున్నావన్నమాట. నీ పిల్లల్ని రోజూ చూస్తున్న కన్నే కదయ్యా ఇది! వాళ్ళకేమైనా అయిందా?" ఆమె తాళాలు అతని చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. 'మీరు' కాస్తా 'నువ్వు' అయినందుకు అతనేమీ బాధపడలేదు. ఆ ప్రశ్నకు మాత్రం సిగ్గుతో చచ్చిపోయాడు.

తెల్ల కారు ఇచ్చి, తన బండి తెచ్చుకుని, పంకా బిగించేసరికి పొద్దుగుంకింది. ఈలోగా జువైనా తమ్ముడికి ఫోన్ చేసి, "మీ బావ ఆ బండిని తిరిగి కొన్నాడు" అని మాత్రం చెప్పి పెట్టేసింది. మిగతాది వివరించే ఓపిక ఆమెకు లేదు. మిగతాది ఊరు తనకు తోచినట్టు పూరించుకుంది. పాపం హుమైద్, చచ్చిన బండిని యార్డు నుంచి మళ్ళీ కొనుక్కొచ్చాడట.

శుక్రవారం బయల్దేరేముందు హుమైద్ గది గుమ్మంలో నిలబడ్డాడు.

"జువైనా, నువ్వు నా పక్కన కూర్చోవాలి."

"ఎందుకు? నా కన్ను పడి ఇరుసు విరుగుతుందేమో."

"విరిగితే విరగనీ. నువ్వు చూడకపోతే నేనెక్కీ లాభంలేదు."

ఆమె కాసేపు అతని మొహం చూసి, చెప్పులు వెతుక్కుంది.

దిబ్బ కింద మతర్ కాగితం పట్టుకుని నిలబడి ఉన్నాడు. నలభై బండ్లు, వాటికి సరిపడా జనం. హుమైద్ బండి దిగి అందరికీ వినపడేలా చెప్పాడు. "చిన్నాన్నా, నా పేరు మళ్ళీ రాయి. నా బండి బ్రహ్మాండంగా ఉంది. ఒక్క లోపం లేదు."

మతర్ అతని నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు. "తెలుసు నాయనా. మా అన్న, అదే మీ నాన్న, ఒంటె చచ్చిపోయినప్పుడు మూడు రోజులు దాని ముందు మేత వేశాడు."

"చావలేదు చిన్నాన్నా! ఇక్కడిదాకా దానంతట అదే వచ్చింది!"

"దిబ్బ దాకా రావడం వేరు, దిబ్బెక్కడం వేరు. యార్డుకెళ్ళొచ్చిన బండిని జనం మీదికి వదలమంటావా? పక్కన ఆడకూతురు కూడా ఉందాయె. వెళ్ళి నీడలో కూర్చో."

పక్కనున్న నలుగురూ హుమైద్ భుజం తట్టారు. ఒకడు మంచినీళ్ళ సీసా ఇచ్చాడు. ఎనిమిది నెలలు అబద్ధం చెబితే మారుమాట లేకుండా నమ్మినవాళ్ళు, ఒక్క నిజానికి మంచినీళ్ళు తాగించారు.

పందెం జరిగింది. సువైలిం బండి కొన దాకా ఎక్కి దిగి, అందరికంటే తక్కువ సమయంలో పని ముగించింది. తర్వాత జనమంతా డేరాల వెనక్కి, అన్నం పళ్ళేల చుట్టూ చేరారు. పొట్టేలు మాంసం వాసన వచ్చాక దిబ్బను ఎవరు చూస్తారు? దిబ్బ కింద ఇద్దరే మిగిలారు.

"ఇప్పుడెక్కండి," అంది జువైనా.

హుమైద్ నాలుగు టైర్లలోంచి గాలి సగానికిపైగా తీసేశాడు. చిన్న గేరు వేసి, స్టీరింగు తిన్నగా పట్టుకుని వదిలాడు. బండి మొదటి వాలు అలవోకగా మింగింది. కిందటేడు ఇరుసు విరిగిన చోటు వచ్చింది, వెళ్ళిపోయింది. ముప్పావు ఎత్తులో ఇసుక మెత్తబడి, చక్రాలు ఉన్నచోటే తిరగడం మొదలుపెట్టాయి. చేపల వాసన గుప్పుమంది. అతని కాలు భయంతో పైకి లేవబోయింది.

"కాలు తియ్యకు!" అని అరిచింది జువైనా.

తియ్యలేదు. ట్యాంకర్ స్ప్రింగులు ఒకసారి మూలిగాయి, ముందు చక్రాలకు గట్టి ఇసుక దొరికింది, బండి ముక్కు ఆకాశంలోకి లేచి మెల్లగా వంగింది. ఎదురుగా ఇంక ఎక్కడానికేమీ లేదు. హుమైద్ ఇంజన్ ఆపకుండా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి ఇసుక వల్ల కాదు.

జువైనా కూర్చున్నచోటి నుంచే బండిని పైనుంచి కిందిదాకా చూసింది. "చాలా బాగుందయ్యా నీ బండి," అంది. ఇంకేమీ అనలేదు. హుమైద్ కూడా అనమని అడగలేదు.

"హారన్ కొట్టు. అందరూ చూడాలి," అంది మళ్ళీ ఆమే.

హుమైద్ చేపల లారీ హారన్ మీద అరచెయ్యి పెట్టి తియ్యలేదు. ఇసుకలో ఆగకుండా మోగే హారన్‌కు ఒకే అర్థం ఉంది. ఆపదలో ఉన్నాం, రండి. డేరాల వెనక చేతులు అన్నంలోనే ఆగిపోయాయి. సువైలిం అక్కడే తన బండి టైర్లు చూసుకుంటున్నాడు, "బావ!" అని ఎగిరి సీట్లో కూర్చుని బండిని పైకి ఉరికించాడు. తాడు వెనకసీట్లో సిద్ధంగా ఉంది. మిగతావాళ్ళు ఎంగిలి చేతులతోనే పరిగెత్తి, పడుతూ లేస్తూ, దిబ్బెక్కడం మొదలుపెట్టారు.

రొప్పుకుంటూ వాళ్ళు పైకి చేరేసరికి కనిపించింది ఇదీ. కొన మీద రెండు బండ్లు, ముందు సువైలింది, వెనక హుమైద్‌ది. రెండింటి మధ్య సువైలిం, చేతిలో తాడు.

"భేష్!" అన్నాడు మతర్. "కిందటేడు కిందికి లాగినవాడు ఈ ఏడు పైకి లాగాడు. బావ మనసులో ముచ్చట తీర్చాడు!"

"ఎవరూ లాగలేదు చిన్నాన్నా!" అన్నాడు హుమైద్. "నేనే ఎక్కాను. సొంతంగా."

"అవును నాయనా, అవును," అన్నారు ఇద్దరు ముగ్గురు, చంటిపిల్లాడితో అన్నట్టు.

"నేను పక్కనే ఉన్నానుగా! ఎవరూ తాడు కట్టలేదు," అంది జువైనా.

"మొగుడి పరువు కాపాడే ఇల్లాలంటే అలా ఉండాలి," అన్నాడు వెనకనుంచి ఎవరో.

సువైలిం తెల్లబోయి చుట్టూ చూశాడు. బావ బండి కింద ఆనవాలుగా ఒక్క తాడు గీత లేదు. ఇంజన్ నిదానంగా నడుస్తోంది. అతనికి అర్థమైంది. అతను మంచివాడే, చేతిలో తాడు కింద పడేసి గట్టిగా చెప్పాడు. "ఒట్టు, నేను లాగలేదు! నేనొచ్చేసరికే బావ ఇక్కడున్నాడు. నాకంటే బాగా ఎక్కాడు!"

జనం ముగ్ధులైపోయారు. చేసిన మేలు చెప్పుకోకపోవడం గొప్ప, చేయలేదని ఒట్టు పెట్టుకోవడం ఇంకా గొప్ప. మతర్ అతన్ని కావలించుకుని, నెత్తి మీద ముద్దు పెట్టుకుని, "అల్లాహ్ నీకు మేలు చేయాలి, ఇలాంటి బావమరిది ఎవడికుంటాడు!" అన్నాడు. సువైలిం ఎంత కాదంటే అంత గొప్పవాడవుతున్నాడు. చివరికి విసుగెత్తి నోరు మూసుకున్నాడు, దానికి కూడా మెచ్చుకున్నారు.

హుమైద్ జువైనా వైపు చూశాడు. ఆమె పైట చెరగు లాంటి తలగుడ్డ కొసను నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాపుకుంటోంది. అతనికీ నవ్వొచ్చింది. గేరు వేసి, వందమంది చూస్తుండగా, బండిని తిన్నగా వాలులోకి దింపాడు.

దిగడం మాత్రం హుమైద్ సొంతంగానే దిగాడని ఊరంతా ఒప్పుకుంది.